చివర బిగించింది

మోటారు లోపల ఏం జరుగుతోందో విప్పకుండా చెప్పగలిగినవాడు ఆ వీధి మొత్తానికి అతనొక్కడే. స్క్రూడ్రైవర్ మొన మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకి నొక్కిపట్టి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి "వెనక బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే వెనక బేరింగే పోయి ఉండేది. అందుకే అందరూ అతన్ని చెవిమేస్త్రి అనేవారు. ఆ పిలుపంటే అతనికి చెప్పలేనంత ఇష్టం. ఎవరైనా అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలిస్తే, పాపం, వాళ్ళు రెండోసారి పిలిచేదాకా పలికేవాడు కాదు.

అతని షాపుకీ అక్క కుట్టుషాపుకీ మధ్య ఒకటే గోడ. ఇటువైపు రాగితీగ చుట్టలు, కాలిన వార్నిష్ వాసన, పొట్ట విప్పి పడుకోబెట్టిన పంపు మోటార్లు. అటువైపు సుద్దముక్కలు, గుడ్డపీలికలు, మెడలో టేపు వేసుకుని వచ్చినవాళ్ళందరికీ మాటలతో వాతలు పెడుతూ అక్క. గోడ అవతల మిషను ఏం కుడుతోందో ఇటు తీగ చుడుతూనే అతనికి తెలిసిపోయేది. పరదా అంచు అయితే చప్పుడు ఆగకుండా సాగేది. కాలరైతే మలుపు దగ్గర ఆగి, రెండుసార్లు టకటకలాడి, మళ్ళీ సాగేది. ఆ చప్పుడు అతనికి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. వాళ్ళమ్మ పోయేనాటికి అతనింకా చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాని పిల్లాడు. అక్కే ఆ మిషను తొక్కి పెంచింది. నిద్రొస్తే మిషను కిందే, ఆమె పాదాల పక్కనే ముడుచుకుని పడుకునేవాడు.

పెళ్ళిమాట ఎత్తినవాళ్ళందరినీ అక్క ఒకే మాటతో సాగనంపేది. "నేను మిషనుతో కాపురం పెట్టేశాను. అది నన్ను తిట్టదు, నేను దాన్ని తిట్టను." అందులో రెండో సగం పచ్చి అబద్ధం. దారం తెగిందంటే దాని వంశం మొత్తాన్ని ఏకిపారేసేది.

అలాంటి అక్క మెడ పక్కన ఓ గడ్డ లేచింది. మొదట బఠాణీ గింజంత. "టేపు ఒరుసుకుని కాయ కాసింది" అని నవ్వేసింది. తర్వాత దాని పక్కన ఇంకోటి, ఆ కింద మరోటి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఎవరికీ చెప్పకుండా, వదులైపోతున్న తన బట్టలకి తనే పక్కల్లో లోపలికి కుట్లు వేసుకోవడం మొదలుపెట్టింది. అది కనిపెట్టింది మేస్త్రి భార్య. ఆరేసిన బట్టలు తీస్తూ ఆ కుట్లు చూసి, మరి మాట్లాడనివ్వకుండా ఆడబడుచుని ఆస్పత్రికి లాక్కుపోయింది. అక్కడ గడ్డలో సూది పెట్టి, లోపలి నీరు తీసి చూశారు. క్షయ అన్నారు.

ఊపిరితిత్తుల్లో లేదు, మెడ గడ్డల్లో ఉంది, ఇంట్లో ఎవరికీ అంటుకోదు, మందులు మానకుండా వేసుకుంటే పూర్తిగా పోతుంది అని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడే మనిషి. చెప్పిందే మళ్ళీ చెప్పాల్సొచ్చినా విసుక్కునేది కాదు.

"అక్కకి మందులు నేనే ఇస్తాను" అన్నాడు మేస్త్రి ఇంటికి రాగానే, అక్కడికి ఎవరో కాదన్నట్టు.

రోజూ పొద్దున షట్టరు ఎత్తకముందే, ఒక డబ్బా మూతలో మాత్రలన్నీ పోసుకుని, ఇంకో చేత్తో నీళ్ళగ్లాసు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళేవాడు. ఆమె వాటివంక చూసేది కూడా కాదు. మూతని అలాగే నోట్లోకి వంచుకుని, గ్లాసెత్తి గటగటా తాగేసేది.

"చూసుకుని మింగవే. ఏంటో ఎన్నో ఏమీ చూడవా?"

"చూడ్డానికేముందిరా? నువ్వు నట్లూ బోల్టులూ పోసిచ్చినా మింగేస్తాను. నీ చేతిమీద కదా ఇచ్చేది."

మాత్రలు ఒంటబట్టాయి. జ్వరం పోయింది. గడ్డలు తడిమితే తప్ప తగలనంతగా తగ్గాయి. అక్క తన బట్టల పక్కకుట్లు ఒక్కోటే విప్పేసుకుంది. మేస్త్రికైతే ఆ మాత్రలేవో తనే షాపులో కూర్చుని తయారుచేసినంత గర్వం. తెలిసినవాళ్ళు కనిపిస్తే చాలు, అడగకపోయినా చెప్పేవాడు.

మూడో నెలలో గడ్డలు మళ్ళీ లేచాయి.

ఈసారి బఠాణీల్లా లేవు. ఉసిరికాయంత అయ్యాయి, ముట్టుకుంటే కాలుతున్నాయి. జ్వరం తిరిగొచ్చింది. దానితోపాటు అంతకుముందెప్పుడూ లేని తలనొప్పి వచ్చింది. ఒకరోజు అక్క గోడమీద కత్తెరతో టకటకా కొట్టి తమ్ముణ్ణి పిలిచింది. వెళ్ళేసరికి సూదికెదురుగా దారం పట్టుకుని కూర్చుని ఉంది.

"ఒరేయ్, ఇక్కడ రెండు సూదులున్నాయి. దేన్లో ఎక్కించమంటావు?"

నవ్వుతూనే అడిగింది. అక్కడున్నది ఒకటే సూది.

ఆస్పత్రిలో తల ఫోటో తీశారు. డాక్టరమ్మ ఆ ఫోటోని వెలుతురుకి పెట్టి అక్కనీ, మేస్త్రినీ, అతని భార్యనీ కూర్చోమంది.

"మెదడులో ఇదిగో, ఇక్కడ చిన్న మచ్చ ఉంది. ఇది ఇప్పుడు పుట్టింది కాకపోవచ్చు. మొదటినుంచీ ఉండి, బయటపడకుండా కూర్చుని ఉంటుంది. ఇప్పుడు దాని చుట్టూ వాచింది."

"అంటే మందులు పనిచెయ్యట్లేదాండీ?" అన్నాడు మేస్త్రి.

"పనిచేస్తున్నాయి. పనిచేస్తున్నాయి కాబట్టే ఇలా అయిందని నేననుకుంటున్నాను. ఇన్నాళ్ళూ జబ్బు ఆవిడ ఒంట్లోని శక్తిని తొక్కిపెట్టింది. మందులకి క్రిములు చస్తుంటే, ఒంటికి ఇప్పుడు బలమొచ్చింది. వచ్చిన బలంతో చచ్చిన క్రిములమీద కూడా విరుచుకుపడుతోంది. ఈ వాపు ఆ పోరువల్ల వచ్చింది. కొంతమందికి ఇలా అవుతుంది. మెడలో గడ్డ చీముపట్టి పగిలినా పగలొచ్చు, కంగారుపడకండి. కానీ తలలో వాపుకి చోటుండదు కదా. అందుకని వాపు అణచడానికి ఈ తెల్లమాత్ర కలుపుతున్నాను."

తెల్లమాత్ర గురించి ఇంకా చెప్పింది. ముఖం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఊరికే కోపమొస్తుంది. అయినాసరే ఆపకూడదు. "తగ్గించాల్సినప్పుడు నేనే మెల్లమెల్లగా తగ్గిస్తాను. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేస్తే, అణిగిన వాపు అంతకంతా లేస్తుంది. అర్థమైందా?"

"అర్థమైందండీ" అన్నాడు మేస్త్రి.

నిజానికి ఆ మాటలు అతనికి అర్థమవడం మాట అటుంచి, ఎక్కడో విన్నట్టుగా ఉన్నాయి. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. అవి తన మాటలే.

మేస్త్రి ఎంత పనిమంతుడైనా, అన్ని పనులూ కుదిరేవి కావు. ఒక్కోసారి కొత్త బేరింగు వేశాక మోటారు అంతకుముందుకన్నా ఎక్కువ మోగేది. మళ్ళీ విప్పాలంటే ఓపిక ఉండేది కాదు, మోటారు ఇచ్చినతను నెత్తిమీద నిలబడి ఉండేవాడు. అప్పుడు చెప్పేవాడు. "కొత్తది కదండీ, అరిగి కుదురుకునేదాకా మోగుతుంది. మోగుతోందంటే గట్టిగా పట్టుకుందన్నమాట." ఆ మాట చెప్పేటప్పుడు గొంతు నెమ్మదిగా ఉంచాలి. ఎదుటివాడి కళ్ళలోకి సూటిగా చూడాలి. డాక్టరమ్మ కూడా అలాగే చూసింది. పనిచేస్తోంది కాబట్టే పాడైందట! అదెంత గొప్ప మాటో అతనికి తెలియదా? ఆ మాట చెప్పి ఎంతమందిని గుమ్మం దాటించాడు!

అబద్ధానికి అలవాటుపడ్డ నోటితో వచ్చిన చిక్కు ఇదే. ఎదుటివాళ్ళు నిజం చెప్పినా, అందులో తన గొంతే వినిపిస్తుంది.

అయినా మొదట్లో తెల్లమాత్ర ఇచ్చాడు. నోట్లో వేసుకోగానే అక్క ముఖం మాడ్చింది.

"ఛీ, ఇదేం చేదురా! మింగేలోపే నాలికమీద కరిగి చచ్చింది. ఆ డాక్టరమ్మ నామీద ఏదో పగ తీర్చుకుంటోంది."

కొద్దిరోజుల్లోనే తలనొప్పి తగ్గింది. సూది మళ్ళీ ఒక్కటైంది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ డాక్టరమ్మ చెప్పినవన్నీ వరసగా వచ్చిపడ్డాయి. అక్క ముఖం గుండ్రంగా ఉబ్బి, కళ్ళు లోపలికి పోయి, ఎవరో పరాయి మనిషిలా తయారైంది. తిన్నది తిన్నట్టే ఉండేది, మళ్ళీ ఆకలనేది. తెల్లవార్లూ మేలుకుని పొద్దున్నే అందరిమీదా విరుచుకుపడేది. ఎప్పుడూ సరదాగా తిట్టే మనిషి ఇప్పుడు నిజంగానే తిడుతోంది. ఒక మధ్యాహ్నం మెడగడ్డ పగిలి చీము కారి, కుడుతున్న తెల్లగుడ్డమీద పడింది. ఎవరిదో కొత్త గుడ్డ. అక్క దాన్ని చేతుల్లో నలిపి, మూలకి విసిరికొట్టి, మిషనుమీద తలపెట్టుకుని ఏడ్చింది. అక్క ఏడవగా చూడటం మేస్త్రికి అదే మొదటిసారి. అమ్మ పోయినప్పుడు కూడా ఆమె అతని ముందు ఏడవలేదు.

"డాక్టరమ్మ చెప్పిందే కదండీ జరుగుతోంది" అంది భార్య ఆ పూట.

"చెప్పి పాడుచేస్తే పాడుచేసినట్టు కాదా?"

"తలనొప్పి తగ్గిందిగా. కళ్ళు కుదురుకున్నాయిగా. పోనీ ఒకసారి వెళ్ళి అడిగిరండి."

"అడిగితే ఏం చెబుతుంది? మోగుతోందంటే పట్టుకుందంటుంది" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి బోధపడలేదు.

అతని షాపులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా కొత్తది బిగించాక మోటారు తేడా చేస్తే, ఇంకెక్కడా వెతకక్కర్లేదు. చివర బిగించింది ముందు విప్పాలి. ఈ పద్ధతి అతన్ని ఏనాడూ మోసం చెయ్యలేదు. అక్క ఒంట్లో చివర బిగించింది ఏది? తెల్లమాత్ర. ముఖం ఉబ్బింది ఎప్పుడు? తెల్లమాత్ర వచ్చాక. నిద్రపోనిదీ, గడ్డ పగిలిందీ? అన్నీ ఆ తర్వాతే. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, ఇంత చిన్న విషయం డాక్టరమ్మకి తట్టలేదేమా అని అతను జాలిపడ్డాడు కూడా.

మర్నాడు మందులషాపుకి వెళ్ళి, ఎముకల బలానికి వేసుకునే మాత్రలు కొన్నాడు. అంతే గుండ్రం, అంతే తెలుపు. అక్కకి చెబితే కంగారుపడుతుందని చెప్పలేదు. భార్యకి చెబితే గొడవ చేస్తుందని చెప్పలేదు. పొద్దున్న మూతలో మిగతా మాత్రలతోపాటు ఆ కొత్తదాన్ని వేసి పట్టుకెళ్ళాడు.

అక్క మూత వంచుకుంది. ఒక్క క్షణం ఆగింది. తమ్ముడివంక చూసింది. తర్వాత గ్లాసెత్తి తాగేసింది. చేదని తిట్టలేదు. అలవాటుపడిందనుకున్నాడు మేస్త్రి.

మొదట్లో అంతా తన మాటే నెగ్గింది. ముఖం ఉబ్బు దిగింది. అక్క నిద్రపోయింది. పగలు కూడా కాసేపు కునికేది. కోపం పోయి, మెత్తబడింది. "చూశావా, మా అక్క మళ్ళీ మా అక్కలా ఉంది" అన్నాడు భార్యతో. ఆమె వదినగారి గుమ్మంవైపు చూసి, "మరీ మెత్తగా ఉందండీ. పొద్దుట్నించీ నన్ను ఒక్క మాటా అనలేదు" అంది.

మేస్త్రి దాన్ని చెవిన పెట్టలేదు. చెవిమేస్త్రి అని పేరే గానీ, తనకి కావలసిందే వినే చెవులవి.

గోడ మాత్రం అతన్ని వదల్లేదు. అటువైపు చప్పుడు మారింది. పరదా అంచులు కూడా ఇప్పుడు ఆగి ఆగి వస్తున్నాయి. కాస్త కుట్టడం, ఆగడం. విప్పుతున్నప్పుడు దారం తెగే పుటుక్కుమనే చప్పుడు. మళ్ళీ కాస్త కుట్టడం. మేస్త్రి తీగ చుడుతూ చుడుతూ చెయ్యాపి వినేవాడు. మోటారైతే ఈపాటికి విప్పేసి ఉండేవాడు. అక్క కాబట్టి, నీరసం తగ్గలేదులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మేస్త్రి భార్య ఒకరోజు ఓ చొక్కా తెచ్చి అతని ముందు పరిచింది. అక్క కుట్టిందే. కాలర్ ఒకవైపు కిందికి జారిపోయింది. కాజాల వరస వంకరగా వెళ్ళి అంచు బయటికి పోయింది.

"ఇది వదిన కుట్టిందంటే నేను నమ్మను" అంది.

"నిద్రమత్తులో కుట్టి ఉంటుంది."

"నిన్న నాకు మంచినీళ్ళు పోసిచ్చిందండీ. గ్లాసు పక్కన పోసింది, బల్లమీద. పోసి, తాగమంది."

మేస్త్రి ఆ పూట కూడా లేవలేదు. లేచి వెళ్ళాడంటే తను చేసింది బయటికొస్తుంది. రేపు వెళ్దామన్నాడు. ఎల్లుండి ఎలాగూ డాక్టరమ్మ రమ్మన్న రోజే కదా అన్నాడు. మనసులో ఒక మూల పురుగు తొలుస్తూనే ఉంది. దాన్ని అణుచుకుంటూ ఒక పాత పంపుకి తీగ చుట్టాడు. చుట్టిందంతా తప్పొచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గోడ అవతల మిషను నడవడం మొదలైంది. ఈసారి ఆగలేదు. పాతరోజుల్లోలాగా, పొడుగ్గా, ఒకే ధాటిగా సాగింది. మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. మొహంమీద నవ్వు కూడా వచ్చింది. వింటూ వింటూ ఉండగా ఆ నవ్వు ఆగిపోయింది. చప్పుడులో ఏదో తక్కువైంది. గుడ్డలోంచి దారం లాక్కునేటప్పుడు మిషను చప్పుడుకి వచ్చే ఆ చిన్న బరువు, అది లేదు. ఉత్తి సూది దిగుతోంది, లేస్తోంది. మిషను ఖాళీగా నడుస్తోంది.

చేతిలోది పడేసి పరుగెత్తాడు.

అక్క నిటారుగా కూర్చుని పరదా గుడ్డని రెండు చేతులతో తిన్నగా తోస్తూ తొక్కుతోంది. సూదిలో దారం లేదు. దారం రీలు ఎప్పుడో దొర్లి గుమ్మం దగ్గర పడి ఉంది. గుడ్డనిండా వరసగా, ఎక్కడా వంకర లేకుండా, సూది బెజ్జాలు. కుట్టు మాత్రం ఒక్కటీ లేదు. 

"అక్కా!"

ఆమె తొక్కడం ఆపింది. గొంతు వినిపించినవైపు కాకుండా, కొంచెం పక్కకి తల తిప్పింది.

"నువ్వేనా? ఆ లైటు వెయ్యిరా. ఇంత తొందరగా చీకటిపడిందేంటి ఇవాళ?"

గుమ్మంలోంచి ఎండ ఆమె ఒళ్ళో పడుతోంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అక్క కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూసింది. మళ్ళీ తల ఫోటో తీయించింది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది. మొదటిదాంట్లో పెసరగింజలా ఉన్న మచ్చ చుట్టూ ఇప్పుడు తెల్లటి వాపు, పాలు ఒలికినట్టు, ఇంత మేర పరుచుకుంది.

"కంటినరాలు నలిగిపోతున్నాయి" అంది. ఆవిడ గొంతులో నెమ్మది పోయింది. "ఒక్కటి చెప్పండి. ఏ మాత్రైనా మధ్యలో మానేశారా? వాంతైపోయిందనో, మర్చిపోయో?"

మేస్త్రి రెండు ఫోటోలవంకా చూశాడు.

మంచంమీంచి అక్క అంది. "ఒక్కపూట మానలేదమ్మా. మా తమ్ముడు మోటారుకి నూనె పోసినట్టు వేళకి పోశాడు. వాడి చేతిమీద తప్పు జరగదు."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "అయితే నేను పొరపడ్డాను. తెల్లమాత్ర వేసుకుంటూ ఉండగా ఇంత వాచిందంటే, కింద జబ్బే పెరుగుతోందనుకోవాలి. మందులకి లొంగని రకం కావచ్చు. మొదట తీసిన నీరు ఆ పరీక్షకి చాల్లేదు. ఇప్పుడు పుర్రె తెరిచి ఆ మచ్చలోంచి ముక్క తీసి చూడాలి. ఈలోపు గట్టి మందులు మొదలుపెడదాం. వాటిలో చెవులు పాడుచేసేవి కూడా ఉన్నాయి. ముందే చెబుతున్నాను." ఫోనందుకుని, ఆపరేషన్ గది ఖాళీగా ఉందేమో అడగసాగింది.

మేస్త్రి భార్య అతనివంక చూసింది. ఆమెకి ఏమీ తెలియదు. అయినా ఆ చూపు అతన్ని నిలవనియ్యలేదు. ఒప్పుకుంటే, ఇన్నేళ్ళ పేరు, ఆ చెవి, ఆ చెయ్యి, అన్నీ ఈ గదిలోనే మట్టిలో కలుస్తాయి. ఒప్పుకోకపోతే అక్క తల తెరుస్తారు. కళ్ళు పోయిన మనిషికి చెవులు కూడా తీసేస్తారు. రెండూ తెలుసు. తెలిసి కూడా, ఫోనులో డాక్టరమ్మ రెండు మాటలు మాట్లాడేదాకా అతను అలాగే నిలబడ్డాడు. ఆ రెండు మాటలంతసేపూ తను మనిషిని కాననుకున్నాడు.

"ఆపేశానండీ" అన్నాడు.

"ఏంటి?"

"తెల్లమాత్ర. నేనే ఆపేశాను. దాని బదులు ఎముకల మాత్ర వేశాను. అక్కకి తెలీదు. మిగతావన్నీ ఇచ్చాను, ఒక్కటీ మానలేదు. అదొక్కటే... చివర బిగించింది కదా అని..."

డాక్టరమ్మ ఫోను పెట్టేసింది. ఎప్పటినుంచని అడిగింది. చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త బతికిపోయేవాడు. ఆవిడకి అతన్ని తిట్టే తీరిక కూడా లేదు. నర్సుని కేకేస్తూ బయటికి పరుగెత్తింది. "ఇంజెక్షన్! ముందు ఆ ఇంజెక్షన్ పట్రా! ఆపరేషన్ వద్దని చెప్పు" అన్న మాటలు నడవాలోంచి వినిపించాయి. మేస్త్రి భార్య అతనివంక చూడకుండా డాక్టరమ్మ వెనకే వెళ్ళిపోయింది.

గదిలో అక్కా తమ్ముడూ మిగిలారు.

"నాకు తెలుసురా" అంది అక్క.

"ఏం తెలుసు?"

"మాత్ర మార్చావని. చేదు లేదుగా. మొదటిరోజే తెలిసింది. నాలికమీద పడగానే."

అతను మంచం కమ్మీ పట్టుకున్నాడు. "మరి అడగలేదేమే? నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది?"

అక్క కళ్ళు పైకప్పుమీదున్నాయి. అక్కడ ఏమీ చూడట్లేదు.

"అడగడానికేముంది? నువ్వు తీశావంటే ఊరికే తియ్యవు కదా అనుకున్నా. చిన్నప్పటినుంచీ ఏ వస్తువు విప్పినా బాగుచేసే పెట్టావు. నన్ను కూడా చేస్తావనుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే మేస్త్రి తట్టుకోలేకపోయాడు. నేలమీద కూలబడి, మంచం పక్కన, ఆమె పాదాల దగ్గర తల పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి గాల్లో వెతుక్కుంటూ వచ్చింది. మొదట కమ్మీకి తగిలింది, తర్వాత అతని జుట్టుకి.

ఇంజెక్షన్లకి వాపు దిగింది. ప్రాణం దక్కింది. తల తెరవాల్సిన అవసరం రాలేదు, మందులు మార్చాల్సిన అవసరమూ రాలేదు. మొదటినుంచీ ఆ మందులు సరిగ్గానే పనిచేస్తున్నాయి. మెడగడ్డలు మానిపోయి మచ్చలు మిగిలాయి. చూపు మాత్రం సగమే తిరిగొచ్చింది. కుడికన్ను మొత్తం పోయింది. ఎడమకంటితో మనుషుల్ని ఆకారాలుగా పోల్చుకుంటుంది. సూది కనిపించదు. పరదా అంచులు వేళ్ళతో తడుముకుంటూ కుడుతుంది, అవి తిన్నగానే వస్తాయి. దారం తెగినప్పుడు కత్తెరతో గోడమీద కొడుతుంది. మేస్త్రి ఇటు పని వదిలేసి వెళ్ళి, సూదిలో దారం ఎక్కించి వస్తాడు. మోటారు మోగుతోందని ఎవరైనా తిరిగి తెస్తే, మారుమాట్లాడకుండా మళ్ళీ విప్పుతాడు. "కుదురుకుంటుందండీ" అన్న మాట అతని నోట మరి రాలేదు.

మందులింకా ఉన్నాయి. తెల్లమాత్ర కూడా ఉంది. డాక్టరమ్మ దాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తోంది. పొద్దున షట్టరు ఎత్తకముందే అతను మూతా గ్లాసూ పట్టుకుని వెళ్తాడు. అక్క ఇప్పుడు మూతని నోట్లోకి వంచుకోదు. మాత్రల్ని అరచేతిలో పోయించుకుని, వేళ్ళతో తడిమి, ఒక్కోటీ తీసి నాలికమీద పెట్టుకుంటుంది. పెట్టుకుని ఆగుతుంది.

"అక్కా, అవేనే" అన్నాడు ఒకరోజు ఉండబట్టలేక.

"తెలుసులేరా. నీమీద అనుమానంతో కాదు" అంది. అతనేమీ అడగకుండానే అంది.

తర్వాత తెల్లమాత్ర నాలికమీద పెట్టుకుంది. కాసేపటికి ముఖం ముడుచుకుంది. "ఆఁ, చేదుగానే ఉంది" అని, అప్పుడు నీళ్ళకోసం చెయ్యి చాపింది. మేస్త్రి గ్లాసుని ఆ చేతికి అందించాడు.